దినచర్యకు అక్షరరూపం

తాము తిన్నది, కట్టినది, చూచినది, తిరిగినది వ్రాసుకొనే అలవాటు నేటి యువతీయువకులలో విస్తరించింది. కొందరు కాగితం మీద, మరికొందరు ఫోను తెర మీద తమ నిత్యజీవితాన్ని అక్షరాలలో పెడుతున్నారు. పెద్దలలో చాలామంది దీనిని కాలక్షేపమని తీసిపారవేస్తారు. వ్రాసేవారు సైతం అట్లాగే భావించడం విచారకరం. నాలుగు రోజులు ఉత్సాహంగా వ్రాసి ఐదవ రోజున మానివేయడానికి కారణం ఆ భావమే. నా దృష్టిలో నిత్యజీవిత రచన ఒక సాహిత్య ప్రక్రియ. పద్యరచనకు ఎంత సాధన కావాలో దీనికీ అంత సాధన కావాలి.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించారు. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ తొలి పురస్కారం 1955లో ఆ గ్రంథానికే లభించింది. రాజుల విజయాలకు, దానాలకు శాసనాలు సాక్ష్యం పలుకుతాయి. సామాన్యుడు ఏమి తిన్నాడు, ఏ ఆట ఆడాడు అన్న ప్రశ్నలకు అవి చాలవు. అందువల్ల ఆ చరిత్రకారుడు కావ్యాలను జల్లెడ పట్టవలసి వచ్చింది. ఓరుగల్లులోని పూటకూళ్ళ ఇంటి భోజనం మనకు ‘క్రీడాభిరామం’ వల్ల తెలిసింది. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుని ఇంటి అతిథిసేవను వర్ణిస్తూ శ్రీకృష్ణదేవరాయలు వానకాలపు వంటను గురించి చెప్పాడు. ముసురు పట్టిన రోజులలో ఇల్లాలి కంట పొగ సోకకుండా పొయ్యిలో కొబ్బరి చిప్పలు పెట్టారట! వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి ఏవీ ఆయన మరువలేదు. రాజ్యభారం మోసే చక్రవర్తికి పొయ్యిలోని పొగ వ్రాయదగిన విషయమైనప్పుడు, ‘మా ఇంట్లో వ్రాయడానికి ఏముంది?’ అని మన విద్యార్థి అనడం వినయమని నేను అనుకోను. అది చూడకపోవడం.

ఈ మాట పోలవరం పరిసరాల విద్యార్థులకు మరింతగా వర్తిస్తుంది. ఇక్కడి ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది. 2014లో దానికి జాతీయ హోదా లభించింది. 2021 జూన్‌లో గోదావరి ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ఎగువన దేవీపట్నం మొదలుకొని ఎన్నో ఊళ్ళు ముంపులో చిక్కాయి. ఎందరో పునరావాస కాలనీలకు చేరారు. ప్రాజెక్టు మంచిచెడ్డల చర్చ ఇక్కడ నా విషయం కాదు. భూసేకరణ దస్త్రాలలో ఎకరాలు, ఇళ్ళు, చెట్లు లెక్కకు వస్తాయి. ఆ ఇంటి అరుగు మీద వేసవి సాయంత్రం ఎవరెవరు కూర్చునేవారో, ఆ చెట్టు కాయ ఊరగాయకు పనికివచ్చేదో కాదో అందులో ఉండదు. ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. ఆ పని అక్కడ పెరిగినవారిది.

అయితే ఆ పనిని ఎట్లా చేయాలి? విద్యార్థులు ఇటువంటి వ్యాసాలు వ్రాసి తెచ్చినప్పుడు నాకు తరచుగా కనబడే వాక్యం ‘మా ఊరు ప్రకృతి సౌందర్యానికి నిలయం’ అన్నది. గైడు పుస్తకాల పుణ్యమా అని ఈ వాక్యం రాష్ట్రంలోని ప్రతి ఊరికీ సరిపోతుంది. కనుక ఏ ఊరికీ చెందదు. దానికి బదులు, కొండరెడ్ల ఇళ్ళలో మామిడి టెంకలోని జీడిని పిండి చేసి జావ కాచుకొనే పద్ధతిని అడిగి తెలుసుకొని వ్రాయండి. జీడిని ఎన్నాళ్ళు ఎండబెట్టాలి, ఎట్లా నానవేయాలి, చేదు ఎప్పుడు విరుగుతుంది అన్న వివరాలు అడిగితేనే తెలుస్తాయి. అడగడం, సరిచూచుకోవడం, మళ్ళీ వెళ్ళి అడగడం — శ్రద్ధ అంటే ఇదే. కఠిన సమాసాలు శ్రద్ధకు గుర్తు కావు. ప్రబంధాలు చదివి డాక్టరేటు పొందినవాడిని నేనే ఈ మాట అంటున్నాను!

మన గోదావరి సీమలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించినప్పుడు అది మద్రాసులో అచ్చయ్యేది. అంత దూరాన అచ్చు వేయించడం ఇబ్బంది కావడంతో రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయాన్ని నెలకొల్పారు. గ్రాంథిక శైలిలో సిద్ధహస్తులైనప్పటికీ, చదివేవారికి అర్థం కావాలని పత్రిక కోసం వచనాన్ని సులభతరం చేసుకొన్నారు. తన అభిప్రాయాలను వెల్లడించడానికి ఒక వ్యక్తి పెట్టుకొన్న పత్రిక అట్లా సంఘమంతటికీ పనికివచ్చేదిగా ఎదిగింది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ చదివినవారికి మరొక సంగతి బోధపడుతుంది. అది ఆత్మకథే అయినా, ‘నేను’ చుట్టూ గురువులు, బంధువులు, ఇళ్ళు, మాటలు నిండుగా ఉంటాయి. మన కాలంలో వంశీ తన పసలపూడిని పట్టుకొని ఒక కథల సంపుటినే అల్లారు. వ్రాసేవాడు కొంచెం పక్కకు జరిగితే ఊరు కనబడుతుంది.

శ్రద్ధ ఎక్కువైతే రచనలోని సహజత్వం పోతుందని కొందరి వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మెప్పు కోసం ప్రతి పూటా వ్రాసేవారి అక్షరాలు త్వరలోనే డీలాపడతాయి. అందుకే వారానికి ఒక్క రోజు చాలునంటాను. ఆ రోజు మాత్రం తప్పకూడదు. ఎంతమంది మెచ్చారని ప్రతి గంటకూ చూచుకోవడం రచనలో భాగం కాదు. ఇంకొక మాట. పొరుగువారి దుఃఖాన్ని వారి అనుమతి లేకుండా బయట పెట్టవద్దు. ఊరు వదలి వచ్చినవారి విషయంలో ఇది మరీ ముఖ్యం.

మొదట ఏమి వ్రాయాలో తోచనివారికి ఒక సూచన. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. మొదటి వరదను మీ తాతమ్మలు, నాయనమ్మలు చూచారు. రెండవదానిని మీరే చూచారు. నీరు గోడ మీద ఎంతవరకు వచ్చింది, పశువులను ఏ మెరకకు తోలారు, బియ్యం ఎక్కడ దాచారు, మొదటి రాత్రి ఏమి తిన్నారు అన్న నాలుగు ప్రశ్నలు ఆమెను అడిగి వ్రాయండి. వాటికే మీ సమాధానాలు ఎదుటి పేజీలో వ్రాయండి. తరువాత, ఒకప్పుడు భద్రాచలం వైపు లాంచీలు నడిపిన సరంగు మీ వీధిలో ఉంటే ఆయన దగ్గరకు వెళ్ళండి. ఏటిలోని సుడులకు, మలుపులకు, రేవులకు వారు పెట్టుకొన్న పేర్లు అడగండి. వాటిలో కొన్ని ఏ పటంలోనూ దొరకకపోవచ్చు. ఆయన పలికినట్లే వ్రాసుకొని, పక్కన తేదీ వేయండి.