వంటిల్లు పాతబడలేదు

"ఇంకా ఆ వంటింటి గోలేనా?" స్త్రీవాద కవిత్వం మాటెత్తగానే ఎవరో ఒకరు ఈ ముక్క అంటారు. విమల 'వంటిల్లు' రాసిన కాలం వేరట. ఇప్పుడు ఆడవాళ్లు ఉద్యోగాలు చేస్తున్నారు, మిక్సీలూ కుక్కర్లూ వచ్చాయి, కాబట్టి ఆ కవిత సిలబస్‌లో ఉంటే చాలట.

సరే, లెక్క చూద్దాం. 2019 నాటి కేంద్ర ప్రభుత్వ కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. మగవాళ్లు 97. అదీ ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటు. వాళ్లు నూటికి 26 మందే. మిగతావాళ్లు ఈ లెక్కలోకే రారు. మిక్సీ రుబ్బుతుంది, నిజమే. రాత్రే పప్పు నానబెట్టాలని గుర్తుపెట్టుకునేది ఎవరు?

ఇక ఆ కవితని నెత్తిన పెట్టుకునే మన సంగతి. అపార్ట్‌మెంట్లలో విముక్తి ఎలా వచ్చింది? వంటమనిషిని పెట్టుకుంటే వచ్చింది. ఆమె తెల్లారకముందే తన ఇంట్లో వండి, మన ఇంటికొచ్చి మళ్లీ వండుతుంది. మేడమ్ గారి గంటలు ఆమె నెత్తినపడ్డాయి. సార్ గారి సోఫా మాత్రం అంగుళం కదల్లేదు. దీన్నే మనం మార్పు అంటున్నాం.

ఈ తిరకాసుని దళిత రచయిత్రులు ఎప్పుడో పట్టుకున్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చదివితే, 'స్త్రీ' అనే ఒక్క మాటలో అందరూ ఇమడరని తెలుస్తుంది. గడప దాటడమే విముక్తి అయితే, తరతరాలుగా పరాయి పొలాల్లో, పరాయి ఇళ్లలో చాకిరీ చేస్తున్నవాళ్లకి అది ఎప్పుడో వచ్చి ఉండాలి కదా?

విమల వంటగదిని కూలగొడదాం రమ్మంది. ఇంకో ఆడమనిషికి అప్పగించమనలేదు. ఈ తేడా మర్చిపోయి ఆ కవితని సభల్లో చదివి చప్పట్లు కొట్టుకోవడం మనకి సుఖంగానే ఉంటుంది. మన కథల్లో చాలావాటిలో పనిమనిషి ఇప్పటికీ కాఫీ కప్పు పెట్టి వెళ్లిపోయే పాత్రే. ఆమెకి ఆదివారం సెలవుందా, జ్వరమొస్తే జీతం కోస్తున్నామా అన్నది మన సాహిత్య చర్చల్లోకి ఎందుకు రాదు?

వంటింటి కవిత్వం పాతబడిందనే ముందు, ఈ పూట అంట్లు ఎవరు తోమారో చెప్పండి.