కత్తియా, మందా?

ఊపిరితిత్తుల క్యాన్సరనగానే మన తోటలలో రెండు మాటలు వినవచ్చును: "కత్తి పడితే పాకుతుంది", "కోయమన్నారంటే ఆశ లేనట్లే". రెండును పొరపాటే.

1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున డాక్టరు ఎవార్ట్స్ గ్రాహం ఒక రోగి యెడమ ఊపిరితిత్తిని పూర్తిగా తీసివైచిరి. ఆ రోగియు వైద్యుడే. పిమ్మట దాదాపు ముప్పది యేండ్లు జీవించెను. చిరకాలము పొగ త్రాగిన గ్రాహముగారో, అదే వ్యాధితో 1957లో గతించిరి! వ్యాధి రెండు ప్రక్కల నుండుటచే వారి విషయమున కత్తికి తావు లేకపోయెను, మందే యిచ్చిరి.

వ్యాధి యొకచోటనే యుండి, రోగికి శ్వాసబలము చాలినచో శస్త్రచికిత్స మేలు. ఛాతీ నడుమ గ్రంథులకు ప్రాకినచో తరచు కీమోథెరపీ, రేడియేషను కలిపి యిత్తురు. చిన్నకణముల రకమునకును సాధారణముగా నివియే. 2012–2016 నాటి మలేసియా క్యాన్సరు నమోదులో ఈ రోగులు నూటికి తొంబదిమందికి పైగా మూడవ, నాలుగవ దశలలోనే కనుగొనబడిరి. పెక్కుమందికి కత్తి మాట రాకపోవుటకు హేతువిదియే గాని, వైద్యుని నిర్లక్ష్యము గాదు.

దగ్గు మూడు వారములు విడువకున్నను, నెత్తురు పడినను, తోట ధూళియని సరిపుచ్చుకొనక ఎక్స్‌రే తీయించుకొనుడు. పెద్దాసుపత్రికి పోవునపుడు మలాయి బాగుగా మాటలాడు బిడ్డను వెంటగొని, ఏ రకము, ఏ దశయని అడిగింపుడు.