డప్పు మనది, మరి మైకు?

పోయినేడు మా బడి వార్షికోత్సవానికి నెల ముందు జరిగిన సంగతి ఇది. చిన్న సంగతే. కానీ ఇరవై ఏళ్లుగా నేను సభల్లో మాట్లాడుతూ వచ్చిన మాటల్ని నిలబెట్టి నిలదీసింది. అందుకే రాస్తున్నాను.

మండలం నుంచి అధికారులు వస్తారు, ఊరి పెద్దలు వస్తారు, "మన సంస్కృతి ఉట్టిపడాలె" అన్నారు స్టాఫ్ మీటింగులో. ప్రార్థన గీతం ఇద్దరు టీచర్ల బిడ్డలకు పోయింది. మైకు పట్టుకొని కార్యక్రమం నడిపే పని ఊళ్లో ఒక పెద్దమనిషి కొడుక్కి పోయింది. డప్పు దగ్గరికి వచ్చేసరికి అందరి చూపూ నా వైపు తిరిగింది. "సార్, అది మీరు చూసుకోవాలె. మీ వాడ పిలగాండ్లకు నేర్పే పనే లేదు, రక్తంలనే ఉంటది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే లోపల సంతోషపడ్డాను కూడా. ఊరి బయట ఉంచిన డప్పు బడి స్టేజీ ఎక్కుతుందంటే అది మన గెలుపే కదా అనుకున్నాను.

ఆ సాయంత్రమే వాడకు పోయాను. తొమ్మిదో తరగతి పిలగాడు, మంచి గొంతు, చురుకైనవాడు. వాళ్లమ్మ అప్పుడే కూలికి పోయి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నది. విషయం చెప్పాను. ఆమె చెంబు కింద పెట్టింది.

"సారూ, మా మామ కొట్టిండు. సావుకు కొట్టిండు, జాతరకు కొట్టిండు, పటేలు ఇంట్ల పెండ్లయితే వాకిట్ల నిలబడి కొట్టిండు. ఇచ్చింది ఆకుల ఇంత మిగిలిన బువ్వ. జరమొచ్చి ఒక్కనాడు పోకపోతే ఇంటి మీదికొచ్చి లేపుకపోయిండ్రు. మా ఆయన ఆ డప్పు ఇడిసిపెట్టి పట్నంల మేస్త్రి పనికి పోయిండు. నా కొడుకును బడికి పంపింది డప్పు కొట్టనీకి కాదు. మైకుల మాట్లాడిపియ్యి, రేపే పంపుత."

నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఉందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నావంటి వాళ్లు వామపక్ష రాజకీయాల్లోకి పుస్తకం చదివి రాలేదు, పాట విని వచ్చారు. 1990లో గద్దర్ అజ్ఞాతం వదిలి జనం ముందుకు వచ్చినప్పుడు నాకు పదేళ్లు. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, పక్కన డప్పు. మా తాత చేతిలో ఊరికి అణిగి మోగిన డప్పు ఆ సభల్లో ఊరిని ఎదిరించి మోగింది. అది చిన్న విషయం కాదు. తల దించుకొని మోసినదాన్నే తలెత్తి మోయొచ్చునని మాకు నేర్పింది ఆ పాటే. ఆ అప్పు నేను కాదనను.

కానీ సభ అయిపోయాక సంగతేమిటి? డప్పు కొట్టి జనాన్ని కూడగట్టింది మనవాళ్లు. తర్వాత ఉపన్యాసం ఇచ్చింది ఎవరు? తీర్మానం రాసింది ఎవరు? కులం ఉపరితలంలో ఉంటది, పునాది మారితే అదే పోతదని మనకు బోధించింది ఎవరు? 1985 జూలై 17న కారంచేడు జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ గొడవ సినిమా హాల్లో రాజుకున్నది. ఒక దళిత యువకుడి కాలు అగ్రకులస్తుడికి తగిలింది, అంతే. సంస్కృతి అంటే ఆటా పాటా అనుకునే మిత్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. టికెట్టు కొన్నవాడు కూడా కాలు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టగూడదో చెప్పేదే ఈ దేశంలో సంస్కృతి. అది ఏ ఉపరితలంలోనూ తేలుతూ లేదు. మనిషి ప్రాణం తీసేంత లోతున ఉంది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. పునాది ఎక్కడున్నదో ఇప్పుడు చెప్పండి.

గద్దర్ పాట కూడా నడిచీ నడిచీ ఇక్కడికే వచ్చింది. ఓటును బహిష్కరించమన్న మనిషి 2018లో మొదటిసారి ఓటు వేశాడు. చివరి ఏళ్లలో రాజ్యాంగాన్ని చేతబట్టి తిరిగాడు. 2023 ఆగస్టు 6న, చుండూరు హత్యాకాండ జరిగిన తేదీనే, కన్నుమూశాడు. బౌద్ధ పద్ధతిలో సాగనంపారు. ఏ రాజ్యం మీద పాడాడో ఆ రాజ్యమే లాంఛనాలు చేసింది, 2025లో ఆయన పేరున సినిమా అవార్డులు ఇచ్చింది. పేరు పెట్టడం మంచిదే. కానీ పాట అడిగిన ప్రశ్నకు అవార్డు జవాబు కాదు.

మరి డప్పును పారేద్దామా? ఆ తల్లి మాట విన్నాక ఆ రాత్రి నాకూ అదే అనిపించింది. అప్పుడు దండోరా గుర్తొచ్చింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. దాచుకున్న కులం పేరును మనుషులు తమ పేర్ల చివర తగిలించుకున్నారు. ఊరి పెద్దల కబురు చాటడానికి కొట్టిన డప్పునే తమ వాటా అడగడానికి కొట్టారు. ముప్పై ఏళ్లు కొట్టారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి 6-1తో వర్గీకరణ చెల్లుతుందన్నది. దాని మీద మాల, మాదిగ సోదరుల మధ్య భిన్నాభిప్రాయాలున్నయి, ఇక్కడ ఆ చర్చలోకి పోను. నేను చూసేది ఒక్కటే. అక్కడ డప్పు కొట్టినవాడే మైకు కూడా పట్టాడు. ఎప్పుడు కొట్టాలో, ఎందుకు కొట్టాలో వాడే తేల్చుకున్నాడు.

ఆ తల్లి వద్దన్నదీ, దండోరా ఎత్తుకున్నదీ ఒకే తోలు. తేడా ఆజ్ఞ ఎవరిదన్న దగ్గరే ఉంది. పిలిస్తే పోయి కొట్టక తప్పనిది వెట్టి. మన ఇష్టంతో కొట్టేది కళ. వెట్టి చేయించడం 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. బడిలో నవ్వుతూ "మీ రక్తంలనే ఉంటది" అనడం ఏ చట్టం కిందికి వస్తుందో నాకు తెలియదు గానీ, అది ఆ పాత ఆజ్ఞకు కొత్త అంగీ తొడగడమే. సిగ్గుపడవలసిన మాట ఏమిటంటే, ఈసారి ఆ ఆజ్ఞ మోసుకొని వాడకు పోయింది నేను.

ఇంకోవైపు చూడండి. నా బిడ్డ వారానికి రెండు రోజులు కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నది. ఒక కామ్రేడ్ ఇంటికొచ్చి విని, "నీ ఇంట్ల గూడ బ్రాహ్మణ సంగీతమేనా?" అన్నాడు. ఆయన మంచివాడే. కానీ మా పిల్లలు డప్పు కొడితేనే ఆయన రాజకీయాలు నిమ్మళంగా ఉంటాయి. స్టాఫ్ రూములో రక్తం లెక్క చెప్పినవాళ్లకూ ఈయనకూ ఎంత దూరం? భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతోనే వాడల్లో చైతన్యం తెచ్చాడు. అది వాళ్ల ప్రక్రియ అని ఆగలేదు.

అసలు ఆ సంగీతం మాత్రం ఎవరి చేతుల మీద నిలబడ్డది? మృదంగానికి ఆవు తోలు, గేదె తోలు, మేక తోలు కావాలి. ఆ తోళ్లు ఎంచి, కోసి, బిగించి నాదం పలికించే మనుషుల్లో ఎక్కువమంది దళితులు, దళిత క్రైస్తవులు. వాళ్ల గురించి టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకం రాస్తే, ఆవిష్కరణ సభకు హాలిస్తామన్న చెన్నై కళాక్షేత్ర తర్వాత ఇవ్వం పొమ్మన్నది. 2024లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ప్రకటిస్తే కొందరు విద్వాంసులు మేం పాడం అని అలిగారు. పుట్టుకతో బ్రాహ్మడైన ఆయనకే ఇంత జరిగితే, తోలు బిగించిన చేతిని ఆ వేదిక ఎక్కనిస్తారా? వాళ్లకు తోలు కావాలి, తోలు ఒలిచిన చెయ్యి వద్దు.

మా బడి సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి మీటింగులో ఒకటే మాట పెట్టాను. డప్పు కళ అంటున్నారు కదా, అన్ని కులాల పిల్లలు నేర్చుకుంటే వేదిక మీద పెడదాం, లేకుంటే వద్దు. మైకు ఎవరిదో కూడా గొంతు చూసి, చదువు చూసి తేలుద్దాం. వారం గడిచింది. డప్పుకు నాలుగు పేర్లొచ్చినయి. నాలుగూ మా వాడవే. ఊళ్లోంచి ఒక తండ్రి వచ్చి, "మా పిలగాడు తోలు ఎట్ల ముట్టుకుంటడు సార్" అన్నాడు. అదే మనిషి రెండు చేతులా చెప్పులు తీసి నా గది ముందు విడిచాడు. చెప్పులు ఏ తోలువో అడగలేదు నేను. అడగాల్సింది.

ఆ ఏడు మా బడిలో డప్పు మోగలేదు. ఆ పిలగాడు మైకు పట్టాడు. రెండుచోట్ల తడబడ్డాడు, మూడోచోట అధికారి గారి పేరు తప్పు చదివాడు, అయినా చివరిదాకా నడిపించాడు.

ఇది బడికి సంబంధించిందే కాదు మిత్రులారా. రేపు మన సభ పెట్టినప్పుడు కూడా లెక్క చూసుకుందాం. డప్పు కొట్టేవాళ్ల పేర్లు కరపత్రంలో ఉన్నాయా? వాళ్లకు కుర్చీ ఉందా? వక్తల జాబితాలో వాళ్లున్నారా, లేక జనం పోగయ్యాక పక్కకు జరగమంటున్నామా? దానికి జవాబు చెప్పుకోలేనినాడు మనం కూడా ఆ పటేలు వాకిట్లోనే నిలబడి ఉన్నట్టు.

డప్పు మనది. కొట్టే హక్కు మనది, కొట్టనని చెప్పే హక్కు అంతకంటే ముందు మనది. మైకు మాత్రం ఎవరి అబ్బ సొమ్మూ కాదు.