బుడిబుడి అడుగులకు ఊళ్లో చోటేదీ?

ఏడాది నిండిన బిడ్డ ఇంకా నడవడం లేదంటే తల్లిదండ్రుల కంటే వాడకట్టుకే తొందరెక్కువ. కరీంనగర్‌లోనైనా మంచిర్యాలలోనైనా అదే తంతు. ‘మా మనుమడు పదో నెలల్నే నడిచిండు’ అని పక్కింటి అవ్వ ఒక మాట అనేసి పోతుంది. ఆ రాత్రి తల్లికి కునుకు పట్టదు.

ఆమెకు ఊరటనిచ్చే లెక్క ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఏ పట్టూ లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు. భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను చూసి తేల్చిన సంగతి ఇది. తొమ్మిది నెలలకు పైబడిన ఆ గడువులో అవ్వ మనుమడూ ఉన్నాడు, ఈ బిడ్డా ఉంది. గడువు దాటితే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే.

ఇవి ఒంటికి సంబంధించిన మజిలీలు. ఉత్తర తెలంగాణలో ఊరు లెక్కబెట్టే మజిలీలు వేరే ఉన్నాయి. వేములవాడ రాజన్న దగ్గరో, కొండగట్టు అంజన్న దగ్గరో పుట్టెంటికలు తీయించాలి. బాసరలో సరస్వతీదేవి సన్నిధిన పలక మీద అక్షరాలు దిద్దించాలి. పుట్టెంటికలప్పుడు బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టడం ఆనవాయితీ. ఆ మేనమామ దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే ముహూర్తం పంచాంగాన్ని బట్టి కాదు, కంపెనీ ఇచ్చే సెలవును బట్టి కుదురుతుంది. అందాకా బిడ్డ రెండు పిలకలతో ఇల్లంతా తిరుగుతుంది.

తండ్రే గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో కోకొల్లలు. బిడ్డ తొలి అడుగు ఆయనకు వాట్సాప్‌లో వచ్చిన వీడియో. యూఏఈలో భార్యాబిడ్డలను వెంట ఉంచుకోవాలంటే నెల జీతం కనీసం 4,000 దిర్హమ్‌లుండాలి, లేదంటే 3,000 దిర్హమ్‌లతో పాటు వసతి ఉండాలి. లేబర్ క్యాంపులో బతికే కూలీకి అంత జీతం ఎక్కడిది? ఇక్కడ ఇంట్లో తల్లి బీడీలు చుడుతుంటుంది. ఒడిలో చేట, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం ఉండ. పాకే బిడ్డ కన్ను ఆ దారం మీదే. మోచేత్తో బిడ్డను పక్కకు జరుపుతూనే ఆమె వేళ్లు ఆకును మడుస్తుంటాయి.

ఇలా పెరుగుతున్న పిల్లలకు ‘ఇది నా ఊరు’ అనే భావం ఎక్కడి నుంచి రావాలి? పుట్టిన తేదీ పత్రం నుంచి రాదు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాక వేములవాడ రాజన్న సిరిసిల్లకు, కొండగట్టు జగిత్యాలకు, బాసర నిర్మల్‌కు వెళ్లాయి. అయినా హైదరాబాద్‌లో స్థిరపడ్డ వేములవాడ మనిషి నేటికీ ‘మాది కరీంనగర్’ అంటాడు. చిన్నప్పుడు ఆ గల్లీల్లో, ఆ బస్టాండుల్లో కాళ్లరిగేలా తిరిగాడు కాబట్టి ఆ మాట నోట వస్తుంది.

ఊరితో బంధం పరిచయంతో ముడిపడుతుందని ఆదిలాబాద్ గోండులకు బాగా తెలుసు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. భేటింగ్ అనే ఆ తంతు ముగిశాకే వాళ్లు ఆ వంశపు మనుషులు. బయటి నుంచి వచ్చిన మనిషి విషయంలో అంత పట్టింపు. మన పట్టణాలు తమలోనే పుట్టిన చిన్న మనిషి విషయంలో ఏపాటి పట్టింపు చూపుతున్నాయి?

కరీంనగర్ 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. 2023లో మానేరు మీద తీగల వంతెన ప్రారంభమైంది. సెల్ఫీలకు కొదవ లేదు. మూడేళ్ల బిడ్డ ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి నగరాన్ని చూడమంటూ నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ లీర్ ఫౌండేషన్ ‘అర్బన్95’ అనే కార్యక్రమం నడుపుతోంది. మన బజార్లలో ఆ ఎత్తున కనిపించేవి బైకుల సైలెన్సర్లు, మోరీ మీద పగిలిన బండలు, నడిచే దారిని ఆక్రమించిన దుకాణాల సామాను. అందుకే గడప దాటగానే తల్లి బిడ్డను చంకనెత్తుకుంటుంది. నడక వచ్చిన బిడ్డకు వీధిలో నడిచే యోగం లేదు. ఉజ్వల పార్కు, జింకల పార్కు, డ్యామ్ కట్ట లేవా అనవచ్చు. అవి ఆదివారం బండెక్కి వెళ్లే చోట్లు. బిడ్డకు కావలసింది రోజూ నడిచే నాలుగడుగుల దారి.

ఏజెన్సీలో చిక్కు ఇంకో రకం. పద్దెనిమిది నెలలకు అమ్మా నాన్నా కాక కనీసం మూడు మాటలు అనబోవాలని అమెరికా సంస్థ సీడీసీ 2022లో సవరించిన జాబితా చెబుతుంది. ఉట్నూరు, జైనూరు గూడేల్లో బిడ్డ ఆ మూడు మాటలూ గోండిలోనో కొలామీలోనో అంటుంది. అంగన్‌వాడీలో ఉన్నవారికి ఆ భాష రాకపోతే మాటలు వచ్చిన బిడ్డ కూడా మాటలు రాని బిడ్డ కిందే లెక్క. తన ఊళ్లోనే పరాయి కావడం అక్కడే మొదలవుతుంది. 1940లలోనే మానవ శాస్త్ర పరిశోధకులైన హైమెన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో ఉండి గోండు పిల్లల కోసం గోండి వాచకాలు తయారుచేయించారు. ఎనభై ఏళ్లు గడిచాక కూడా ఇంటి భాష కోసం అడుక్కోవాలా?

చేయడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. పసిపిల్లలకు అనువైన వీధుల కోసం కేంద్రం చేపట్టిన ‘నర్చరింగ్ నైబర్‌హుడ్స్’ పోటీలో నెగ్గిన పది నగరాల్లో వరంగల్, కాకినాడ ఉన్నాయి. కరీంనగర్‌కు వరంగల్ సుమారు 70 కిలోమీటర్లే. నగరపాలక సంస్థ వాళ్లు ఒకసారి వెళ్లి చూసి రావచ్చు. తిరిగొచ్చి కొన్ని అంగన్‌వాడీలను ఎంచుకుని, వాటి చుట్టూ అరకిలోమీటరు మేర మోరీలు మూసి, నడిచే దారులు ఖాళీ చేయించి, వీధికుక్కల బెడద తగ్గిస్తే చాలు, మొదలైనట్టే. అటు ఉట్నూరు ఐటీడీఏ పిల్లల ఎదుగుదల జాబితాను గోండి, కొలామీల్లో రాయించి, ఆ భాష తెలిసిన ఆడపడుచులనే గూడెం అంగన్‌వాడీల్లో నియమించాలి. ఈ పనులకు కొత్త చట్టం కూడా అవసరం లేదు.