గాజులరామారానికి నీళ్ల బేరం నేర్పే పంతుళ్లకు

హైదరాబాద్ ఉత్తర శివారు గాజులరామారంలో నీళ్ల వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియనివాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆ వ్యాపారాన్ని అదుపులో పెట్టాల్సిన అధికారి. ఆయనకు తెలిసీ తెలియదు. రెండోవారు, పేదల బస్తీల్లో నీళ్లకూ పాయిఖానాలకూ మార్కెట్ ఎలా కట్టాలో ఏసీ హాల్లో ఐదు రోజులు నేర్చుకుని, సర్టిఫికెట్ పట్టుకుని దిగే స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి. ఈయనకు నిజంగానే తెలియదు. తెలియకుండా తయారుచేసి పంపింది ఆ శిక్షణే. నా కోపం ఉద్యోగి మీద కాదు, చెప్పిన పని చేస్తాడు పాపం. పాఠం రాసినవాళ్ల మీద.

పాఠం ఏమిటో ముందు చెప్పాలి. నీళ్లు ఊరికే పంచొద్దు, పంచితే ఊళ్లో అమ్ముకునే చిన్నవాడు మునిగిపోతాడు. ముందు పటం గీయండి: నీళ్లు ఎక్కడ పుడుతున్నాయి, ఎవరు కొంటున్నారు, ఎవరు అమ్ముతున్నారు, ఏ మెట్టు దగ్గర ఎంత రేటు. వీలైతే కూపన్ ఇవ్వండి, లేదా నగదు ఇవ్వండి. అమ్మేవాడికి అప్పో పనిముట్టో ఇప్పించండి. ఇంటింటికీ వెళ్లి "ఎంతవరకు పెట్టగలరమ్మా?" అని అడిగి ఫారం నింపండి. 1992లో డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం నీటికి ఆర్థిక విలువ ఉందనీ, దాన్ని ఆర్థిక వస్తువుగా గుర్తించాలనీ తీర్మానించిన దగ్గరనుంచి ఈ ధోరణి ముదిరింది. 2010లో ఆక్స్‌ఫామ్ వగైరా సంస్థలు కలిసి, విపత్తు సమయంలో మార్కెట్‌ను అంచనా వేయడానికి 'ఎమ్మా' అనే చేతిపుస్తకం తెచ్చాయి. అదే ఏడాది జూలై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ శుభ్రమైన నీరు, పారిశుద్ధ్యం మనిషి హక్కులని తీర్మానం చేసింది. ఏడాది ఒక్కటే, కాగితాలు రెండు. శిక్షణ హాళ్లలో మొదటిది బల్లమీదికొచ్చింది. రెండోది గోడమీది పోస్టరుగా మిగిలింది.

ఎమ్మాలో మంచి లేదని అనను. తుపాను వచ్చిన ఊళ్లోకి బయటినుంచి ట్యాంకర్లు దింపి, స్థానికుడి వ్యాపారం దెబ్బతీసి, మూడు నెలలకు జెండా ఎత్తేసే సంస్థలను చూశాక ఆ పుస్తకం రాయాలనిపించడం న్యాయమే. కానీ గాజులరామారంలో తుపానేమీ రానక్కర్లేదు. ఇక్కడ మార్కెట్ కొరత లేదు. ట్యాంకరు ఉంది, ఆర్వో ప్లాంటు ఉంది, ఆటోలో క్యాన్లు వేసేవాడున్నాడు, సంపు కడిగేవాడున్నాడు, సెప్టిక్ ట్యాంకు బండి నంబరు కరెంటు స్తంభానికి అంటించి ఉంది. గాజులరామారానికి నీళ్ల మార్కెట్ నేర్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

లెక్క చూద్దాం. 2021 జనవరి నుంచి జలమండలి హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తోంది. ఆ నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్లలో పోస్తే వెయ్యి క్యాన్లు. క్యాను ఇంటికి తెచ్చి వేస్తే ఇరవై రూపాయలనుకోండి, ఇరవై వేల రూపాయల సరుకు. అంటే నల్లా ఉన్న ఇంటికి ప్రభుత్వం ఉచితంగా పంపేదాన్ని, నల్లా లేని గదిలో ఉన్నవాడు లీటరు రూపాయి చొప్పున కొంటున్నాడు. నగరంలో నీటికి అతి ఎక్కువ ధర కట్టేది ఎవరని అడిగితే జూబ్లీహిల్స్ వైపు చూడొద్దు. రేకుల గదుల వరస వైపు చూడండి. ఆ వరసలో ఉండేది జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసే కూలీలు, శ్రీకాకుళంనుంచీ పాలమూరునుంచీ ఒడిశానుంచీ వచ్చినవాళ్లు. కనెక్షను ఇంటి ఓనరు పేరుమీద, మీటరు ఓనరుది, వాల్వు తిప్పే టైము తెలిసేదీ ఓనరుకే. కిరాయిదారుకు పథకం దక్కాలంటే ఓనరు దయ తలచాలి. ఇంతకూ ఆ ఫారంలో "ఎంత పెట్టగలరు?" అనే గడి ఉంది. "ఇప్పటికే ఎంత పెడుతున్నారు, అది ఎవరి జేబులోకి పోతోంది, మీకు రావాల్సిన ఉచిత నీళ్లు ఎక్కడ ఆగాయి?" అనే గడి ఎక్కడుంది?

నీళ్లు లేక కాదు. యల్లంపల్లినుంచి నూట ఎనభై కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి గోదావరి 2015 చివర్లో నగరానికి చేరింది. మేడ్చల్ మండలం ఘన్‌పూర్ రిజర్వాయరు మీదుగా ఈ ఉత్తర శివారుకే ముందు దిగింది. 2007లో, గాజులరామారం ఉన్న కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీని జీహెచ్‌ఎంసీలో కలిపారు. అప్పటినుంచీ పన్ను మహానగరం రేటే, నీళ్లు మాత్రం చాలాకాలం పంచాయతీ తీరే. పైపు ఎక్కడిదాకా వేస్తారు, ఏ బస్తీకి ఎన్నింటికి వదులుతారు, ఎంతసేపు వదులుతారు అనేది గిరాకీ, సరఫరా తేల్చేది కాదు. జలమండలి సెక్షను ఆఫీసులో తేలుతుంది. మార్కెట్ పటంలో ఆ ఆఫీసును ఓ మూల చిన్న గడిలో వేసి "సహాయక వాతావరణం" అని రాస్తారు. ఆ గడే అసలు కథ అని ఒక్క శిక్షకుడైనా చెప్పాడా?

ఇంకోటి. క్యాను నీళ్లు ఎందుకు కొనాల్సి వచ్చింది? బోరు నీళ్లు తాగలేక. బోరు నీళ్లు ఎందుకు తాగలేకపోతున్నారు? పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ. 1980ల చివర్లోనే అక్కడ జీడిమెట్ల ఎఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్ లిమిటెడ్ అని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పెట్టాల్సి వచ్చిందంటే, దేశంలోనే అలాంటి మొదటి కేంద్రాల్లో అదొకటంటే, భూమిలోకి అప్పటికే ఏం దిగిందో ఊహించుకోవచ్చు. ఫ్యాక్టరీ మిగుల్చుకున్న ఖర్చు కూలీ క్యానులో కడుతున్నాడు. పటాన్‌చెరు వైపు ఇదే గోడు సుప్రీంకోర్టుకెళ్తే, 1990ల్లో కాలుష్యం పాలైన ఊళ్లకు మంచినీళ్లు అందించమని కోర్టు ఆదేశించింది. మీరెంత పెట్టగలరని ఆ ఊళ్లను అడగలేదు. మన శిక్షణ హాలుకూ ఆ కోర్టుకూ ఎంత దూరమో ఇక్కడ తెలుస్తుంది. హాల్లో అయితే "శుద్ధ జలానికి బలమైన గిరాకీ ఉంది" అని స్లైడు వేసేవాళ్లు.

ఆర్వో ప్లాంటువాడి మీద నాకు ప్రత్యేకమైన పగ లేదు. కానీ వాడు తోడేది మన కాళ్లకింది నీళ్లు. పదిమందికి మంచినీళ్లు చేసే లోపు గణనీయమైన నీటిని ఉప్పునీరుగా మోరీలోకి వదులుతాడు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది, బోరు వేయడానికీ భూగర్భజలం తోడడానికీ అనుమతులున్నాయి. పక్క బోరు ఎండిపోతే అడిగే అధికారం అధికారికి ఉంది. స్వచ్ఛంద సంస్థవాళ్లు చిన్న వ్యాపారికి "బిజినెస్ ప్లాన్" రాసిపెట్టేటప్పుడు వాల్టా అనుమతి కాగితం ఏదని అడుగుతున్నారా?

నీళ్లు అమ్మడం కొత్త ప్రయోగమన్నట్టు చెప్పేవాళ్లు తెలుగునేల చరిత్ర చదవాలి. నీళ్ల దుకాణం ఇక్కడ ఎప్పుడో తెరిచారు. 2005లో కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో వాటర్‌హెల్త్ కంపెనీ, నాంది ఫౌండేషన్ కలిసి రుసుము కట్టి తీసుకునే ప్లాంటు పెట్టాయి. గోదావరి జిల్లాల్లో బైర్రాజు ఫౌండేషన్ ప్లాంట్లు పెట్టింది. అన్నీ వాడకందారు చెల్లింపులతో తమ కాళ్లమీద తాము నిలబడతాయన్నారు. 2009 జనవరి 7న, బైర్రాజు ఫౌండేషన్ పెట్టిన కుటుంబానికి చెందిన సత్యం రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకున్న ఉత్తరం బయటపడగానే ఫౌండేషన్ పనులు కుంటుపడ్డాయి. మార్కెట్ కాళ్ల కింద దాత చెయ్యి ఎంతగా ఉందో అప్పుడు కనబడింది. 2014 అక్టోబర్ 2న ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకు ఇరవై లీటర్లంటూ ఎన్టీఆర్ సుజల స్రవంతి మొదలైంది. ఎన్నో ఊళ్లలో షెడ్డు మిగిలింది, నీళ్లు మిగల్లేదు. ఇరవై ఏళ్ల అనుభవం మన ఇంట్లో ఉండగా, కంబోడియా మరుగుదొడ్ల అమ్మకం వీడియో చూపించి చప్పట్లు కొట్టించడం దేనికి?

ఇక నగదు సంగతి. అది పుస్తకంలో పాఠం కాదు, గాజులరామారం తిన్న దెబ్బ. 2020 అక్టోబర్ 13న ఆకాశం విరిగిపడింది. ఫాక్స్‌సాగర్ పొంగి కొంపల్లి ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీళ్లలో నానింది. గాజులరామారంలోనూ లోతట్టు కాలనీలు మునిగాయి. మురుగు సంపులోకి దిగింది. ప్రభుత్వం ఇంటికి పదివేల రూపాయలు నగదుగా ఇస్తామంది. దాతల భాషలో చెప్పాలంటే ఇంతకన్నా శుద్ధమైన మార్కెట్ పద్ధతి ఉండదు: బియ్యం వద్దు, దుప్పటి వద్దు, డబ్బు చేతికిస్తాం, నీకు కావలసింది నువ్వు కొనుక్కో. ఏమైంది? ఇల్లు ఎవరిది, మునిగిందెవరు, ఓనరుకా కిరాయిదారుకా అన్న తగాదాలు. తర్వాత మీసేవ కేంద్రాల ముందు కిలోమీటర్ల వరసలు. నవంబర్ 18న, జీహెచ్‌ఎంసీ ఎన్నికల కోడ్ పేరుతో ఎన్నికల సంఘం ఆపమంది. డిసెంబర్ 1న పోలింగ్ జరిగింది.

డబ్బు అందినవాళ్ల సంగతే చూడండి. మురుగు దిగిన సంపును పదివేలు కడిగిస్తాయి. కానీ వీధి మోరీని ఎవరు కడగాలి? చెరువు అలుగు దారిలో లేచిన ప్రహరీని ఏ కూపనుతో పడగొడతావు? వరదలో చేతిలో డబ్బుంటే క్యాను దొరుకుతుంది, నిజమే. పైప్‌లైను దొరకదు, నాలా వెడల్పు దొరకదు. దొరికేది ఒంటరివాడు ఒంటరిగా కొనుక్కోగలిగిందే.

పారిశుద్ధ్యం దగ్గర నా వాదనకు నేనే అడ్డం వస్తాను, ఎందుకంటే అక్కడ మార్కెట్ ఓసారి బాగానే పనిచేసింది. 2016 ఆగస్టులో మాదాపూర్ మ్యాన్‌హోల్లో నలుగురు ఊపిరాడక చనిపోయారు. దిగినవాళ్లను లాగబోయి పోయినవాడు అందులో ఉన్నాడు. 2017లో జలమండలి దళిత వ్యాపారుల సంఘం డిక్కీతో కలిసి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు దింపింది. సన్నగల్లీల్లో దూరే బండ్లు. యజమానులు దళిత యువకులు, బ్యాంకు అప్పు, జలమండలితో పని ఒప్పందం. ఇదీ మార్కెట్టే. అయితే ఇక్కడ కొనేది బస్తీ ఆడమనిషి కాదు, ప్రభుత్వం. రేటు ముందే రాసి ఉంది, బిల్లు కట్టేది జలమండలి. మనిషిని దింపడం నేరమని 2013 చట్టం ఉంది, పోయిన ప్రాణానికి పది లక్షలని 2014లో, ముప్పై లక్షలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కోలార్ బంగారు గనుల్లో తెలుగు పాకీ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లతో కలిసి 1994నుంచి సఫాయి కర్మచారి ఆందోళన్‌గా కొట్లాడితే వచ్చిన గోడలివి. ఆ గోడల మధ్య వ్యాపారం నడిచింది.

ఆ గోడలను లెక్కచేయనిచోట ఏం జరిగిందో 2021 ఆగస్టులో చూశాం. సాహెబ్‌నగర్ దగ్గర రాత్రిపూట ఇద్దరు కాంట్రాక్టు కూలీలు మ్యాన్‌హోల్లోకి దిగి తిరిగిరాలేదు. అది కూడా మార్కెట్టే: టెండరు, కాంట్రాక్టరు, కింద కూలీ. యంత్రాలు వచ్చి నాలుగేళ్లయ్యాక, అదే నగరంలో!

సెప్టిక్ ట్యాంకు బండిదీ ఇదే సంగతి. ఇల్లు కట్టే రుసుముకు బండివాడు ట్యాంకు ఖాళీ చేస్తాడు. ఆ మలాన్ని ఎక్కడ పోశాడన్నది ఇంటివాడికి అక్కర్లేదు, చీకట్లో నాలాలో పోస్తే డీజిలు మిగులుతుంది. కొన్నవాడు సంతోషం, అమ్మినవాడు సంతోషం, చెరువుకు గొంతు లేదు. వరంగల్ దీన్ని 2016లో పట్టుకుంది. మలవ్యర్థాల నిర్వహణకు దేశంలో ముందుగా నియమాలు రాసుకున్న నగరమది. బండ్లకు నమోదు, డ్రైవర్లకు శిక్షణ, పోయడానికి శుద్ధి కేంద్రం. ఖైరతాబాద్ బెల్లావిస్టాలో ఉన్న అధికారుల శిక్షణ సంస్థ ఆస్కీ అందులో పనిచేసింది. శిక్షణంటే నాకు గిట్టదని ఎవరైనా అనుకుంటే, అలాంటి శిక్షణకు నేను చాపలు పరుస్తాను. బండివాడికి గ్లవ్సు తొడుక్కోవడం నేర్పారు, పోయాల్సిన చోటు చూపించారు, పోయకపోతే ఏమవుతుందో చెప్పారు. అతనికి వ్యాపారం నేర్పలేదు, అది అతనికి వచ్చు.

ఈ పటాల్లో అసలే కనబడని మనుషులు కూడా ఉన్నారు. 2025 సెప్టెంబర్ 21న, ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా గాజులరామారంలో మూడు వందల ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమిని స్వాధీనం చేసుకున్నామంది. కబ్జాదారుల ప్రహరీలతోపాటు, స్థానిక దళారుల దగ్గర నోటరీ కాగితం మీద జాగా కొన్న పేదల గదులూ కూలాయి. ఆ గదుల్లోనూ నీళ్లు కొనేవాళ్లు, వాళ్లూ కస్టమర్లే. కాగితం లేని ఇంటికి నల్లా రాదు, నల్లా రాని ఇంటికి ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు వచ్చే ఇల్లు రేపు ఉంటుందో లేదో ట్యాంకరువాడికే తెలియదు. కొనుగోలు శక్తి సర్వేలో వాళ్లు "అధిక చెల్లింపు సుముఖత" గల వర్గం కింద లెక్కకొస్తారు. ఇంతకన్నా అశ్లీలమైన మాట ఈ రంగంలో ఇంకోటి నేను వినలేదు.

కాబట్టి శిక్షకులకు నేను అడిగేది చిన్నది. మొదటిరోజు ఫ్లిప్‌చార్టు మడిచి, శిక్షణకొచ్చినవాళ్లను గాజులరామారం పంపండి. ప్రతి ఒక్కరూ పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు రాయాలి. ఫలానా బస్తీకి వాల్వు ఏ రోజు, ఎన్నింటికి, ఎంతసేపు తెరుస్తున్నారు? కిరాయి గదుల్లో ఉన్నవాళ్లకు ఉచిత నీళ్లు అందేలా ఎవరు చూస్తున్నారు? ఈ వార్డులో వాల్టా అనుమతి ఉన్న వాణిజ్య బోర్లు ఎన్ని? ట్యాంకర్లు నింపుకునే బోర్లకు కరెంటు ఏ కేటగిరీ కింద ఉంది? సెప్టిక్ ట్యాంకు బండ్లు నెలలో ఎన్నిసార్లు శుద్ధి కేంద్రం గేటు దాటాయి? చట్టం ప్రకారం జవాబుకు గడువు ముప్పై రోజులు. కోర్సు ఐదు రోజులే కదా అంటారేమో. ముప్పై ఐదు చెయ్యండి.