పరుగులో ఏ ప్రాంతము గొప్ప?



బడుల ఆటల పోటీలు జరిగే రోజుల్లో మన ఇళ్లలో ఒక మాట తరచుగా వినబడుతుంది. "కొండప్రాంతపు బిడ్డలకు ఊపిరి ఎక్కువ. కేరళ బిడ్డలతో మనకు పోటీ ఏమిటి? మన తీరపు బిడ్డలు కాసేపు ఉరుకుతారు, అంతే" అని పెద్దలు తేల్చివేస్తారు. పక్కన కూర్చున్న బిడ్డ ఆ మాట వింటాడు. ఎనిమిదవ తరగతి చదివే బిడ్డ ఒకసారి "మన వల్ల కాదు" అని నమ్మితే, ఆ నమ్మకమును తీసివేయడము చాలా కష్టము. అందుకే ఈ నెల ఈ విషయమును తీసుకున్నాము. దూరపు పరుగులో ఒక ప్రాంతము మరొకదానికంటె బలమైనదని ఎట్లా చెప్పగలము? ఆ బలము ఎక్కడ నుండి వస్తుంది?

క్రాస్ కంట్రీ అనేది మైదానములో గీతలు గీసిన బాట మీద జరిగే పరుగు కాదు. గడ్డిలో, మట్టిలో, ఎత్తుపల్లాలలో జరిగే పరుగు. వయస్సును బట్టి బిడ్డలకు 2 కిలోమీటర్ల నుండి 8 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఇందులో నిమిషాలను పోల్చడము తప్పుదారి పట్టిస్తుంది. సూళ్లూరుపేట దగ్గర ఇసుకనేలలో పరుగెత్తిన బిడ్డ సమయమును, మదనపల్లె గట్టినేలలో పరుగెత్తిన బిడ్డ సమయముతో తూచలేము. ఒకే రోజు, ఒకే దారిలో కలిసి పరుగెత్తినప్పుడే ఎవరు ముందో తెలుస్తుంది.

జట్టు లెక్క ఇంకా ముఖ్యము. ప్రపంచ పోటీల పద్ధతిలో ఒక్కొక్క జట్టులో ముందుగా చేరిన నలుగురి స్థానాలను కూడుతారు. తక్కువ మొత్తము వచ్చిన జట్టు గెలుస్తుంది. ఒక జట్టులోని బిడ్డలు 1, 18, 25, 30 స్థానాలలో వచ్చారనుకొందాము. మొత్తము 74. మరొక జట్టువారు 6, 8, 11, 13 స్థానాలలో వచ్చారు. మొత్తము 38. అందరికంటె ముందు వచ్చిన బిడ్డ మొదటి జట్టులోనే ఉన్నాడు. అయినా గెలుపు రెండవ జట్టుది. కాబట్టి ఒక ప్రాంతపు బలమును చూడాలంటే మొదటివాని పేరు అడిగితే చాలదు, నాలుగవవాడు ఎక్కడ ఉన్నాడో అడగాలి.

ఇక ఆ బలము ఎక్కడిదో చూద్దాము. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలలో కెన్యా పురుషుల జట్టు 1986 నుండి 2003 వరకు వరుసగా 18 సార్లు గెలిచింది. అది ఆ దేశపు నేల మహిమ అని చాలామంది అంటారు. కొంత నిజమే. ఈటెన్ అనే ఊరు సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తున గాలి పలుచన, కాబట్టి ప్రాణవాయువును మోసే శక్తి రక్తములో పెరుగుతుంది. అయితే ఆ ఊరిలో సెయింట్ పాట్రిక్ ఉన్నత పాఠశాల కూడ ఉంది. 1976లో ఐర్లాండ్ నుండి బ్రదర్ కోమ్ ఓకానెల్ అనే మిషనరీ అక్కడికి భూగోళము చెప్పడానికి వచ్చారు. పరుగులో శిక్షణ ఇవ్వడము ఆయన ఎక్కడా నేర్చుకోలేదు. బిడ్డలను గమనిస్తూ నేర్చుకున్నారు, దశాబ్దాలు అక్కడే నిలిచిపోయారు. ఆ బడిలో చదివిన పీటర్ రోనో 1988లో, మాథ్యూ బిరిర్ 1992లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. ఎత్తైన ఊళ్లు లోకములో చాలా ఉన్నాయి. వదలకుండా నిలిచే ఉపాధ్యాయులు ఉన్న ఊళ్లు కొన్నే.

మన దేశములోనూ ఇంతే. కేరళ బడుల పరుగు బలము చాలా ఏళ్లపాటు కొన్ని బడుల మీదనే నిలిచింది. కోతమంగళములో క్రైస్తవ యాజమాన్యమున నడిచే మార్ బేసిల్, సెయింట్ జార్జ్ పాఠశాలలు అందులో పేరుపొందినవి. జిల్లా గెలిచిందని పత్రికలు వ్రాసేవి, నిజానికి గెలిచింది ఒకటి రెండు బడుల క్రమశిక్షణ. మహారాష్ట్రలో బీడ్ జిల్లా తరచు కరువుపాలయ్యే నేల. ఆ జిల్లాలోని మాండ్వా గ్రామపు రైతుబిడ్డ అవినాశ్ సాబ్లే, బస్సు లేక ఆరు కిలోమీటర్లు నడిచి, పరుగెత్తి బడికి వెళ్లేవాడు. సైన్యములో చేరిన తరువాత క్రాస్ కంట్రీతోనే పోటీలు మొదలుపెట్టాడు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్ రజతము గెలిచాడు. స్వర్ణము గెలిచిన కెన్యావానికీ అతనికీ తేడా సెకనులో ఇరవయ్యవ వంతు మాత్రమే.

మన తెలుగు బిడ్డల మాటకు వస్తే, విశాఖపట్నము జ్యోతి యర్రాజి 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ గెలిచింది. తెలంగాణ గురుకుల విద్యార్థిని అగసర నందిని అదే ఏడు ఆసియా క్రీడలలో హెప్టాథ్లాన్ కాంస్యము తెచ్చింది. ఇద్దరూ పేదింటి బిడ్డలే. తగిన బడి, హాస్టలు, కోచ్ దొరికినందున పైకి వచ్చారు. వేగపు పరుగులో సాధ్యమైనది దూరపు పరుగులో ఎందుకు కాదు?

తడ మండలము 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోనికి మారింది. జిల్లా పేరు మారినంత మాత్రాన మన బిడ్డల కాళ్లు మారలేదు. తూర్పున పులికాట్ ఒడ్డు నేల, పడమట ఉబ్బలమడుగు వైపు కొండలు, నడుమ పొలాల గట్లు. కోట్లు ఖర్చుపెట్టి వేసే సింథటిక్ బాట ఈ పరుగుకు అక్కరలేదు. దేవుడిచ్చిన నేల చాలు.

కాని తల్లిదండ్రులు చేయవలసిన పని ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో సగము కంటె ఎక్కువమందికి రక్తహీనత ఉంది. ప్రాణవాయువును మోసేది రక్తములోని హెమోగ్లోబిన్, దానికి ఇనుము కావాలి. అది తక్కువైన ఆడబిడ్డ రెండవ కిలోమీటరులోనే ఆయాసపడి ఆగిపోతుంది. మనము దానిని "ఊపిరి లేదు" అంటాము. అది ప్రాంతపు లోపము కాదు, కంచములోని లోపము. బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుప మాత్రను, ఏటా ఇచ్చే నులిపురుగుల మాత్రను బిడ్డలు మింగుతున్నారో లేదో చూడండి. మునగాకు, రాగులు, గుడ్లు, చేపలు మనకు దూరమైనవి కావు. చేపముక్క మగబిడ్డకు, పులుసు ఆడబిడ్డకు అనే అలవాటు ఏ ఇంటిలోనైనా ఉంటే మానండి.

ఎండ విషయములోనూ జాగ్రత్త కావాలి. 1924లో పారిస్ ఒలింపిక్స్ క్రాస్ కంట్రీ పరుగు మండే జూలై ఎండలో జరిగింది. 38 మంది బయలుదేరితే 15 మందే గమ్యము చేరారు. ఆ తరువాత ఒలింపిక్స్‌లో ఆ పోటీనే మానివేశారు. ప్రపంచములోని మేటి వీరులకే అట్లా జరిగితే, పదమూడేళ్ల బిడ్డను పది గంటల ఎండలో పరుగెత్తించవచ్చునా? తెల్లవారుజామున పరుగెత్తించండి, మంచినీళ్లు దగ్గర ఉంచండి. లారీలు తిరిగే హైవే అంచున మాత్రము వద్దు. తుమ్మముళ్లు ఉన్నచోట వట్టికాళ్లతో పంపవద్దు.

పెద్ద ఖర్చు లేని పని ఒకటి చెబుతాము. ప్రతి ఊరిలో వారానికి మూడు ఉదయాలు పదిమంది బిడ్డలు, ఆడపిల్లలతో సహా, కలిసి పరుగెత్తనివ్వండి. పి.ఇ.టి. మాస్టారుగాని, ఒక పెద్దన్నగాని వెంట ఉండాలి. ఒక నోటుపుస్తకములో పేర్లు వ్రాయండి. మొదటివాని సమయముతోపాటు చివరివాడు దారి ముగించాడా లేదా అని కూడ వ్రాయండి. ఏడాది తరువాత కేరళతో పోల్చవద్దు, ఆ పుస్తకములోని మొదటి పేజీతో పోల్చండి. పదిమందిలో ఎనిమిదిమంది ఇంకా పరుగెత్తుతూ ఉంటే మన ప్రాంతము బలపడినట్టే.