నస్పూర్ ఆడపిల్లలకు ఒక సీజన్ కావాలి

2025 మార్చి 23న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఒక మహిళల ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి 57 వేల మంది వచ్చారు. ఆ దేశంలో మహిళల క్లబ్ మ్యాచ్‌కు అంత జనం రావడం అదే మొదటిసారి. సొంత గడ్డ మీద ఆడిన హాంబర్గ్ ఎస్‌వీ అప్పటికి మొదటి శ్రేణి జట్టు కాదు, రెండో శ్రేణి లీగ్‌లో ఉంది. జర్మన్ కప్ సెమీఫైనల్‌లో వెర్డర్ బ్రెమెన్‌తో తలపడి, అదనపు సమయం దాకా పోరాడి 1-3తో ఓడింది. ఆ సీజన్ ముగిసేసరికి మాత్రం పై శ్రేణికి ఎక్కింది. ఇదే క్లబ్ 2012లో ఖర్చు భరించలేమంటూ తన మహిళల జట్టును మొదటి శ్రేణి నుంచి తప్పించింది. తిరిగి అక్కడికి చేరడానికి పదమూడేళ్లు పట్టింది.

ఆ 57 వేల మంది గురించి చాలామంది రాశారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ పదమూడేళ్లు. పై నుంచి తీసేశాక కూడా ఆ జట్టుకు ఆడుకునే చోటు మిగిలింది. కింది లీగ్ ఉంది, దాని కింద ఇంకో లీగ్ ఉంది. ఏటా వేసవి చివర మొదలై మరుసటి వేసవి దాకా సాగే మ్యాచ్‌ల పట్టిక ఉంది. ఓడినా వారం తిరిగేలోపు మరో మ్యాచ్ ఉంటుంది. మన మంచిర్యాల జిల్లాలో, ఆ మాటకొస్తే ఉత్తర తెలంగాణ మొత్తంలో ఫుట్‌బాల్ ఆడాలనుకునే ఆడపిల్లకు లేనిది ఇదే.

జర్మనీలో మహిళల రెండో శ్రేణి లీగ్ 2004లో ఉత్తర, దక్షిణ విభాగాలుగా మొదలైంది. 2018లో రెండింటినీ కలిపి ఒకే లీగ్ చేశారు. 2024-25లో అందులో 14 జట్లు ఆడాయి. ప్రతి జట్టూ మిగతా పదమూడింటితో సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివాళ్ల మైదానంలో ఒకసారి ఆడుతుంది. అంటే జట్టుకు 26 మ్యాచ్‌లు, లీగ్ మొత్తానికి 182. ఆ ఏడాది మొదటి శ్రేణిలో 12 జట్లే ఉన్నాయి, అక్కడ జట్టుకు 22 మ్యాచ్‌లే. పై లీగ్ అమ్మాయి కంటే కింది లీగ్ అమ్మాయికి నాలుగు మ్యాచ్‌లు ఎక్కువ దక్కాయన్నమాట. వాళ్లలో చాలామంది చదువుకుంటూనో, ఉద్యోగం చేసుకుంటూనో ఆడేవాళ్లు. బయెర్న్ మ్యూనిక్ వంటి పెద్ద క్లబ్‌లు తమ రిజర్వ్ జట్టును అక్కడే ఆడిస్తాయి. ఆ జట్టుకు పై శ్రేణికి వెళ్లే హక్కు లేదు. పిల్లలు ఆటలో రాటుదేలడానికే దాన్ని పంపుతారు.

మొదటి శ్రేణిని 14 జట్లకు పెంచడంతో ఆ సీజన్‌లో మూడు జట్లు పైకి వెళ్లాయి. హాంబర్గ్‌తోపాటు న్యూరెంబర్గ్, యూనియన్ బెర్లిన్. న్యూరెంబర్గ్ 2024లోనే పై శ్రేణి నుంచి జారిపడి, ఏడాది తిరిగేసరికి మళ్లీ ఎక్కింది. యూనియన్ బెర్లిన్ 2024 దాకా మూడో శ్రేణిలో ఉండేది. మరోవైపు 2005లో, 2010లో యూరప్ విజేతగా నిలిచిన టర్బైన్ పోట్స్‌డామ్ కింది శ్రేణికి దిగిపోయింది. గతం ఎంత గొప్పదైనా దిగాల్సినప్పుడు దిగక తప్పదు. దిగినవాళ్లకు ఆట మాత్రం ఆగదు.

ఇప్పుడు నస్పూర్ సంగతి. గోదావరి ఒడ్డున మంచిర్యాలను ఆనుకుని ఉన్న ఈ ఊరు సింగరేణి శ్రీరాంపూర్ ఏరియాతో కలిసి పెరిగింది. జిల్లా కలెక్టరేట్ ఇక్కడే ఉంది. ఇక్కడ ఆటకు కరువు లేదు. శ్రీరాంపూర్‌లో ప్రగతి స్టేడియం ఉంది. గని కార్మికుల కోసం సింగరేణి ఏటా ఏరియా స్థాయిలో, కంపెనీ స్థాయిలో పోటీలు పెడుతుంది. బడి పిల్లలకు స్కూల్ గేమ్స్ పోటీలున్నాయి. మండలం, జిల్లా, జోన్, రాష్ట్రం అంటూ మెట్లున్నాయి. అయితే ఇవన్నీ నాలుగు రోజుల టోర్నమెంట్లు. పీఈటీ సారు పిల్లల్ని పోగుచేసి రెండు వారాలు ప్రాక్టీస్ చేయిస్తారు, సెలక్షన్స్ జరుగుతాయి, మొదటి మ్యాచ్ ఓడితే సాయంత్రం బస్సెక్కి ఇంటికి. మళ్లీ బంతి ముట్టేది వచ్చే ఏడాదే. పదో తరగతికి వచ్చిన పిల్లకు ఆ వచ్చే ఏడాది కూడా ఉండదు.

ఇలాంటి పోటీల్లో పుట్టుకతో వేగం ఉన్న పిల్ల కళ్లబడుతుంది. ఆటను మెల్లగా అర్థం చేసుకునే పిల్ల ఎవరికీ కనిపించదు. ఫుట్‌బాల్‌లో ఎక్కువ స్థానాలు ఈ రెండో పిల్లవే. డిఫెన్స్‌లో ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు ఆగాలో పదిసార్లు తప్పు చేస్తేగాని ఒంటబట్టదు. పదిసార్లు తప్పు చేయాలంటే పది మ్యాచ్‌లు ఉండాలి కదా.

ఉత్తర తెలంగాణలోనే ఉన్న నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్యను చూడండి. 2024-25కి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చిన ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెదే. ఆ సీజన్‌లో ఈస్ట్ బెంగాల్‌ను ఇండియన్ విమెన్స్ లీగ్ విజేతగా నిలిపినవాళ్లలో ఆమె ఒకరు. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించిన భారత జట్టులోనూ ఉన్నారు. మన తండా బిడ్డ అని గర్వపడుతున్నాం, పడాల్సిందే. ఆమె ఏ ఏ జట్లకు ఆడారో కూడా చూడాలి: కేరళలో గోకులం, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్, కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్. ఆమెకు పేరు తెచ్చిన లీగ్ సీజన్లలో ఒక్కటీ తెలంగాణ ఇచ్చింది కాదు. అంత దూరం వెళ్లే ధైర్యం, పంపే తల్లిదండ్రులు ఉన్న పిల్ల గట్టెక్కింది. మిగతావాళ్లెవరో మనకు తెలియనే తెలియదు, ఎందుకంటే వాళ్లు ఆడటం మనం చూడలేదు.

దేశం మొత్తం మీద కూడా పరిస్థితి ఏమంత మెరుగ్గా లేదు. ఇండియన్ విమెన్స్ లీగ్ 2016-17లో మొదలైంది. ఇంటా బయటా ఆడే పద్ధతి 2023-24లో గాని రాలేదు. రెండో శ్రేణి లీగ్ కూడా అప్పుడే పుట్టింది. 2024-25లో పై లీగ్‌లో 8 జట్లు, జట్టుకు 14 మ్యాచ్‌లు. జర్మనీ రెండో శ్రేణి అమ్మాయి ఆడినదాంట్లో దాదాపు సగమే భారతదేశపు అగ్రశ్రేణి అమ్మాయి ఆడింది. మన రెండో శ్రేణి అయితే ఒక గ్రూప్ దశ, ఒక ఫైనల్ రౌండ్. దాన్ని సీజన్ అనడానికి నాకు మనసొప్పదు.

జర్మనీకి డబ్బుంది, సంప్రదాయం ఉంది, వాళ్లతో మనకు పోలికేమిటని అడిగేవాళ్లుంటారు. డబ్బు సంగతి నిజమే. సంప్రదాయం మాత్రం కాదు. 1955లో జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య ఆడవాళ్ల ఆటను నిషేధించింది. ఈ ఆట స్త్రీ శరీరానికి, స్వభావానికి తగదన్నది వాళ్ల వాదన. క్లబ్‌లు మహిళలకు మైదానం ఇవ్వకూడదు. ఆ నిషేధం 1970 దాకా ఉంది. 1989లో ఆ దేశపు మహిళలు యూరప్ కప్ గెలిస్తే సమాఖ్య ఇచ్చిన బహుమతి ఒక కాఫీ కప్పుల సెట్టు. మహిళల మొదటి శ్రేణి లీగ్ 1990లో గాని మొదలు కాలేదు. ఆ తర్వాత 2003లో, 2007లో ప్రపంచ కప్, 2016లో ఒలింపిక్ స్వర్ణం వచ్చాయి.

గనుల ప్రాంతంలో ఉన్నవాళ్లకు ఇలాంటి నిషేధం కొత్త కాదు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనిలో పనికి దిగనివ్వలేదు. కేంద్రం 2019లో ఆ నిబంధనను సడలించింది. ఆడవాళ్ల వల్ల కాదని చట్టమే చెప్పిన పనికి నేడు తలుపు తెరుచుకుంది. అదే కాలనీల్లోని ఆడపిల్లలకు మైదానం తలుపు తెరవడానికి ఏ చట్టమూ మార్చనక్కర్లేదు.

ప్రైవేటు క్లబ్‌లను నమ్ముకుంటే ఏమవుతుందో ఇటీవలే చూశాం. పురుషుల మ్యాచ్‌లో మైదానం వదిలి వెళ్లినందుకు కేరళ బ్లాస్టర్స్‌కు 2023లో రూ. 4 కోట్ల జరిమానా పడింది. ఆ భారాన్ని కారణంగా చూపి క్లబ్ తన మహిళల జట్టును నిలిపేసింది. మగవాళ్లు చేసిన తప్పుకు ఆడవాళ్ల ఆట ఆగింది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. యజమాని చేతులెత్తేస్తే జట్టు ఎటైనా పోవచ్చు.

తెలుగు నేల మీద ఫుట్‌బాల్ వెలిగిన రోజుల్లో దాన్ని మోసినది ఒక ప్రభుత్వ శాఖ. రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆటగాళ్లకు కొలువు ఉంది, జట్టు ఉంది, ఊళ్లో ఆడుకునే పోటీ ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కోచ్ ఆయనే. ఉత్తర తెలంగాణలో అలాంటి సంస్థ ఏదంటే సింగరేణి తప్ప మరొకటి లేదు.

నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి, మంచిర్యాల, గోదావరిఖని, పెద్దపల్లి, కరీంనగర్, ఆదిలాబాద్. ఊరికొకటి చొప్పున పదహారేళ్లలోపు అమ్మాయిల జట్లు ఎనిమిది. ప్రతి జట్టూ మిగతా ఏడింటితో ఇంట్లో ఒకటి, బయట ఒకటి ఆడితే జట్టుకు 14 మ్యాచ్‌లు, మొత్తం 56. పదిహేను రోజులకు ఒక ఆదివారం ఆడినా జూలైలో మొదలుపెట్టి సంక్రాంతి దాటాక ముగించవచ్చు. వార్షిక పరీక్షలకు అడ్డు రాదు, ఏప్రిల్, మే ఎండలతో పనిలేదు. ఆదిలాబాద్ ఒక్కటే దూరం. మిగతావన్నీ పొద్దున బయల్దేరి చీకటి పడకముందే ఇల్లు చేరే దూరాలే. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ చివరి మాట అన్నిటికంటే ముఖ్యం. దాన్ని తేలిగ్గా తీసుకునే పథకం ఏదీ ఇక్కడ నిలవదు.

ఖర్చంటే ప్రధానంగా బస్సులు, భోజనం, బూట్లు, రిఫరీల భత్యం, ఒక ఫిజియో. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయదగిన పనుల జాబితాలో గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు శిక్షణ ఇవ్వడాన్ని కంపెనీల చట్టమే చేర్చింది. కొత్తగా స్టేడియం కట్టమనడం లేదు. ఉన్న గ్రౌండ్‌ను నెలకో ఆదివారం అమ్మాయిలకు వదలమంటున్నాను.

అంతమంది అమ్మాయిలు ఎక్కడ దొరుకుతారన్నది గట్టి ప్రశ్నే. మన దగ్గర ఆడపిల్లలు కబడ్డీకి, ఖోఖోకు వస్తారు, అథ్లెటిక్స్‌కు వస్తారు, ఫుట్‌బాల్‌కు వచ్చేవాళ్లు తక్కువ. కొన్ని చోట్ల మొదటి ఏడాది పదకొండు మంది కూడా నిండకపోవచ్చు. అక్కడ ఏడుగురితో ఆడించవచ్చు, రెండు బడులు కలిసి ఒక జట్టు కట్టవచ్చు. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి సాయంత్రం ప్రాక్టీసుకు రాకపోకల బెడద లేదు. రావడానికి వాళ్లకు కారణం ఉండాలి. వచ్చే ఆదివారం మందమర్రి వాళ్లతో మ్యాచ్ ఉందన్న కబురు కంటే పెద్ద కారణం ఏ అవగాహన సదస్సూ ఇవ్వలేదు.

ఒక్క నియమం మాత్రం మొదటి రోజే రాసుకోవాలి. పద్నాలుగు మ్యాచ్‌లూ ఓడి పట్టికలో ఎనిమిదో స్థానంలో నిలిచిన జట్టును రద్దు చేయకూడదు, దాని బస్సు డబ్బులు ఆపకూడదు, మరుసటి జూలైలో మొదటి మ్యాచ్ దాని సొంత గ్రౌండ్‌లోనే పెట్టాలి.